ఎదుటివాడి కుర్చీ

మార్చి 3

వాగుడుకాయకి,

మీ నాన్న నాకిచ్చిన మాట తప్పి ఈ నెలకి ముప్పై ఎనిమిదేళ్ళు. ఇంకెవరూ గుర్తుపెట్టుకోరు కాబట్టి ఆ పని నేనే చేస్తున్నాను.

మొన్న మీ అత్తయ్య మీ అమ్మతో ఫోన్లో మాట్లాడి వచ్చి, "మేనకోడలు దుబాసీగా చేరిందటండీ, ఏదో మ్యూజియంలో. ఒకళ్ళన్నది ఇంకొకళ్ళకి వాళ్ళ భాషలో చెప్పడమట," అంది. నా చేతిలో టీ ఒలికింది. వయసు వల్లనేమో అనుకుంది. అనుకోనిచ్చాను.

నీకు ఈ కథ ముక్కలుగా తెలిసి ఉంటుంది, అదీ మీ ఇంటి వైపు నుంచి. పూర్తిగా విను. నేను తర్కం పాఠాలు చెప్పుకునే రోజుల్లో మా కళాశాలకి ఒక విదేశీ పండితుడు తన శిష్యుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. మనిషిలో స్థిరంగా నిలిచేదేదీ లేదని ఆయన సిద్ధాంతం. దాన్ని ఖండించడానికి నేను ఏడాది పాటు చదివాను. ఆయన భాష పుస్తకంలో అయితే నాకు అర్థమవుతుంది, చెవికి మాత్రం అందదు. అది మాట్లాడగలిగినవాడు మా ఊళ్ళో ఒక్కడే, మా అక్క మొగుడు. ముందురోజు సాయంత్రం అతిథిగృహం మెట్ల మీద నా చెయ్యి పట్టుకుని, "ఒరేయ్ బావమరిదీ, నువ్వేమంటే అదే చెబుతాను. కామా కూడా మార్చను," అన్నాడు.

మర్నాడు సభలో, "అయ్యా, మీ వాదం మొదటి మెట్టు దగ్గరే కూలుతోంది, ఇదిగో ఇలా," అని మొదలుపెట్టాను. నేను చెప్పినంతసేపూ మీ నాన్న గడగడా అనువదించాడు. అయిపోగానే ఆ పెద్దాయన లేచి వచ్చి నన్ను కౌగిలించుకున్నాడు. సభంతా చప్పట్లు. ఓడినవాడు ఇంత మర్యాదగా ఓడతాడా అని నాకు కళ్ళు చెమ్మగిల్లాయి.

ఆ పై ఏడు ఆయన పుస్తకం వచ్చింది. ఒక పేజీ అడుగున చిన్న అక్షరాల్లో, "ఈ సిద్ధాంతాన్ని అక్కడి అధ్యాపకులొకరు చక్కని ఉదాహరణలతో బలపరిచారు," అని ఉంది. ఆ అధ్యాపకుణ్ణి నేను. ఎవరేమన్నా 'ఔనండి' అనేవాడు కాబట్టి మా శాఖాధ్యక్షుణ్ణి మేం ఔనండి అనే పిలిచేవాళ్ళం. ఆయన ఆ వాక్యాన్ని స్టాఫ్‌రూములో పైకి చదివాడు. ఎవరికైనా వినపడలేదేమోనని మళ్ళీ చదివాడు. రెండోసారి రాగం కూడా తీశాడు.

కాబట్టి నా సలహా ఒక్కటే. నువ్వు ఇద్దరి మధ్య కూర్చున్నప్పుడు రాయి విసిరితే రాయే అందించు. పువ్వుగా మార్చి ఇవ్వకు. 

నాకు ఫోను వినపడదు. ఉత్తరం రాయి.

చూపు ఇంకా మిగిలున్న
నీ మేనమామ

*

మార్చి 14

మామయ్యకి,

మీ దస్తూరి చూడగానే భయమేసింది, చదువుతుంటే నవ్వొచ్చింది, రెండోసారి చదివాక నవ్వు రాలేదు. నాన్నకి చూపించలేదు. ఆయనకి ఈ మధ్య నడుం నొప్పి. మీ ఉత్తరం దానికి మంచి మందు కాదు.

నా పని గురించి రాస్తాను. మేం కూర్చునే గది మ్యూజియం నేలమాళిగలో ఉంది. చల్లదనం కోసం పెట్టిన యంత్రం ఒకటి పొద్దస్తమానం గొణుగుతూ ఉంటుంది. పొడుగాటి బల్ల, బల్ల మీద ఆకుపచ్చ ఉన్నిగుడ్డ, దాని మీద మూడు బూడిదరంగు అట్టపెట్టెలు. ఆ మూడు పెట్టెల్లో ఉన్నది ఒకే మనిషి.

ఎప్పుడో దారి కొలవడానికి వెళ్ళిన సర్వేవాళ్ళు ఒక కొండవాలులో తవ్వి ఆ ఎముకల్ని తెచ్చారు. ఇప్పుడు ఆ కొండమీది వాళ్ళు అడగడానికి వచ్చారు. వచ్చింది ఇద్దరే. ఒక పెద్దావిడ, ఆవిడ అన్న కొడుకు. అతను లారీ నడుపుతాడు, ఆవిడ ముద్ద ఎత్తితే తప్ప తను ఎత్తడు. పెట్టెల్లో ఉన్నాయన ఆవిడకి ఎన్ని తరాల వెనకటి తాతో ఎవరికీ తెలియదు. ఆవిడ మాత్రం "తాత" అనే అంటుంది. తాత ఇల్లు వదిలి చాలాకాలమైంది, తీసుకెళ్తాను అంటుంది. ఆవిడకి కావలసింది అంతే.

మ్యూజియం తరఫున డైరెక్టరు గారు. సన్నగా, నిటారుగా ఉంటుంది, ఎప్పుడూ పెన్సిల్ చెక్కుతూ ఉంటుంది. తాత వెన్నెముకలో ఒక పాత జబ్బు ఆనవాళ్ళున్నాయట. అది మనుషుల్లోకి ఎలా వచ్చిందో తేలితే ప్రపంచంలో ఎవరికైనా పనికొస్తుందంటుంది. ఎముకలు వెళ్ళాలా ఉండాలా అన్నది ఆవిడ సిఫార్సు మీదే ఆధారపడి ఉంది. ఆ కొండల్లోని బళ్ళో నేను లెక్కలు చెప్పిన రోజుల్లో ఆ భాష నేర్చుకున్నాను కదా, అందుకని నన్ను పిలిచారు.

మొదటిరోజు ఏమైందో చెబుతాను. పెద్దావిడ వచ్చింది, మా ఎవరివైపూ చూడలేదు. పెట్టెల పక్కన కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టింది. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాకా. మధ్యలో నవ్వింది, ఒకసారి కోప్పడింది. డైరెక్టరు గారు పెన్సిల్ పట్టుకుని, "ఏమంటోంది?" అని నన్నడిగింది.

నేను చెప్పలేదు మామయ్యా. చెప్పకూడదనిపించింది. మీరైతే ఏమంటారు?

పైకి రమ్మంటున్నారు, లిఫ్టు వచ్చేసింది, వెళ్ళాలి.

వాగుడుకాయ

*

మార్చి 23

ఏమంటానా? తండ్రికి తగ్గ కూతురివి అంటాను.

చెప్పలేదట, చెప్పకూడదనిపించిందట! మీ నాన్నకీ ఆరోజు అలాగే అనిపించి ఉంటుంది. మధ్యలో కూర్చున్నవాడికి అనిపించడం మొదలైతే రెండు వైపులవాళ్ళూ చచ్చినట్టే లెక్క. నీకు ఆ ఇద్దరిలో ఎవరి మీద జాలి కలిగింది? ఆవిడ తిట్టిందని డైరెక్టరు నొచ్చుకుంటుందేమోననా? నొచ్చుకోనీ. తిట్టు వినే హక్కు ఆవిడది, దాన్ని నువ్వు కాజేశావు.

కోపంలో నీళ్ళు తాగడం మరిచిపోయానని మీ అత్తయ్య గ్లాసు తెచ్చి పక్కన పెట్టింది. తాగి రాస్తున్నాను.

మా గురువుగారి గదిలో ఒక కుర్చీ ఉండేది, ఒక చెయ్యి విరిగినది. ఎదుటివాడి కుర్చీ అనేవాళ్ళం దాన్ని. ఎవడి వాదాన్నైనా ఖండించాలనుకుంటే ముందు ఆ కుర్చీలో కూర్చుని, వాడి పక్షాన్ని వాడికంటే బాగా చెప్పాలి. 'నేను' అంటూ చెప్పాలి, వాడే మాట్లాడుతున్నట్టు. వాడు "అవును, నేననుకున్నది ఇదే" అని తల ఊపేదాకా నీకు నీ కుర్చీ లేదు. మన పెద్దలు గ్రంథాలన్నీ అలాగే రాశారు, పూర్వపక్షం ముందు, సొంత మాట తర్వాత. కొందరి పుస్తకాల్లో ప్రత్యర్థి వాదం ఎంత అందంగా ఉంటుందంటే పుస్తకం మధ్యలో మూసేసి మనం అటు వెళ్ళిపోతాం. ఒకసారి మధ్యాహ్నమంతా ఆ కుర్చీలో కూర్చున్నాను. మా సహాధ్యాయి తల ఊపడే! సాయంత్రానికి ఊపాడు. అప్పటికి నాకు వాణ్ణి ఖండించాలన్న కోరికే పోయింది.

నిజాయితీ అంటే అది. మెత్తబరచడం కాదు, దాచడం కాదు. ఎదుటివాడి మాటని నీ నోట్లో పూర్తిగా మొయ్యడం.

మీ అత్తయ్య నీకు ఆశీస్సులు చెప్పమంది. నేను ఆలోచించి చెబుతాను.

మేనమామ

*

ఏప్రిల్ 2

మామయ్యకి,

రెండు రోజులు మీకు రాయకూడదనుకున్నాను. మూడోరోజు మీకు తప్ప ఇది ఎవరికీ రాయలేననిపించింది.

నేను దేన్నీ మెత్తబరచలేదు, దేన్నీ దాచలేదు. డైరెక్టరు గారు అడగ్గానే లేచి నిలబడి, ముందు ఆవిడ భాషలో, తర్వాత పెద్దావిడ భాషలో ఒకే మాట చెప్పాను: "ఈ మాటలు ఈ బల్ల చుట్టూ ఉన్నవాళ్ళతో అన్నవి కావు. నేను వీటిని అనువదించడం లేదు. అనువదించడం లేదని ఇద్దరికీ చెబుతున్నాను." మీరు నన్ను ఒక్కమాట అడిగి ఉంటే తిట్టేవారు కాదు. అది నా పొరపాటే లెండి, లిఫ్టు కోసం సగంలో ఆపేశాను.

డైరెక్టరు గారికి కోపం వచ్చింది. పై అధికారులకి రాసింది కూడా. కానీ ఆవిడ్ని తప్పుపట్టలేకపోయాను. బయట వరండాలో నాతో ఇలా అంది: "మా మ్యూజియం పుట్టిందే తాళాలు తియ్యడానికి. వెనకటి రోజుల్లో చదువు కొద్దిమంది గదుల్లో ఉండేది. తలుపులు తెరవడానికి మనుషులు జైళ్ళకెళ్ళారు. అందరి ముందూ అన్నది అందరిదీ. ఒక గదిలో కొన్ని మాటలు కొందరికే అని ఒప్పుకుంటే, రేపు ఎవరైనా అదే సాకుతో మళ్ళీ తలుపు మూస్తారు." ఎంత బాగా చెప్పింది! పెద్దావిడని అడిగితే ఆవిడదీ అంతే స్పష్టంగా ఉంది: "మాట ఎవరికోసం బయల్దేరిందో వాళ్ళది. దారిలో ఉన్నవాళ్ళు పక్కకి తప్పుకోవాలి."

ఇద్దరూ నిజాయితీ గురించే మాట్లాడుతున్నారు మామయ్యా. ఇద్దరికీ ఎదుటి మనిషి మర్యాద తెలియనిదానిలా కనిపిస్తోంది. అప్పుడు మీ కుర్చీ గుర్తొచ్చింది. ఈ నెల మధ్యలో మళ్ళీ సమావేశం, అప్పుడు గదిలో ఒక కుర్చీ వేస్తున్నాను. ఇద్దరూ ఒప్పుకున్నారు, ఒప్పుకున్నంత మాత్రాన అర్థమైందని కాదు గానీ, ఒప్పుకున్నారు. దాని చెయ్యి విరగ్గొట్టడం కుదరలేదు, సర్కారు సామాను.

నాన్న అడిగాడు, మామయ్య ఏం రాశాడని. బాగానే ఉన్నారని చెప్పాను. ఇది మెత్తబరచడమే, ఒప్పుకుంటున్నాను.

మీ వాగుడుకాయ

*

ఏప్రిల్ 10

తల్లీ,

వెనకటి ఉత్తరం నా దగ్గరికి తిప్పి పంపించు, చించేస్తాను. రెండు భాషల్లోనూ లేచి చెప్పావా! మా సభల్లో అలా లేచినవాణ్ణి నేను చూడలేదు. నాతో పనిచేసినవాళ్ళలో సగంమంది గోడమీద పిల్లులు, మిగతా సగం ఆ గోడకి సున్నం వేసేవాళ్ళు.

మీ డైరెక్టరు మాట మూడుసార్లు చదివాను. అలాంటి శాఖాధ్యక్షురాలు నాకు దొరికి ఉంటే నా జీవితం వేరేగా ఉండేది. ఔనండి ఒక్క తలుపు తెరిచినట్టు నాకు గుర్తులేదు, తన గదిది కూడా ఇంకెవరో తెరిచేవారు. పెద్దావిడ మాట అయితే నా పుస్తకాల బీరువాలో ఎక్కడా లేదు. వెతికాను. మాట నిజమా అబద్ధమా అని మనవాళ్ళు వేల పేజీలు రాశారు. అది ఎవరిది అని అడిగినవాళ్ళు తక్కువ.

కుర్చీ వెయ్యి. భయపడకు. మా గురువుగారు అనేవారు, ఈ పద్ధతి మనుషులున్న చోటల్లా పనికొస్తుందని. వాళ్ళకి తత్వం వేరు కావచ్చు, దేవుడు వేరు కావచ్చు, కూర్చోవడానికి కుర్చీ ఒకటే. ఏమైందో వెంటనే రాయి. కొత్త పుస్తకం చేతికొచ్చినవాడిలా ఉంది నా పరిస్థితి.

ఆశీస్సులతో, ఈసారి ఆలోచించకుండానే,
మామయ్య

*

ఏప్రిల్ 17

మామయ్యకి,

కుర్చీ కొంప ముంచింది.

మొదట పెద్దావిడని కూర్చోమన్నాను. డైరెక్టరు గారి పక్షం ఆవిడ 'నేను' అంటూ చెప్పాలి. విని, నావైపు చూసింది. తర్వాత డైరెక్టరు గారి వైపు, ఎంతో జాలిగా చూసింది. "ఈ అమ్మాయికి పిల్లలున్నారా?" అని నన్నడిగింది. ఉన్నారన్నాను. "మరి ఇంత మాట ఎలా అడిగావే?" అని లేచి నిలబడింది. అన్న కొడుకు గోడకి ఆనించిన సంచీ భుజాన వేసుకుంటూ నాకు సంగతి చెప్పాడు.

వాళ్ళలో ఒకరి స్థానంలో కూర్చుని 'నేను' అని మాట్లాడేది ఒకే ఒక్క సందర్భంలోనట. ఆ మనిషి పోయాక. పోయినవాళ్ళ దగ్గర కొంతకాలం కూర్చుని, వాళ్ళని బాగా తెలుసుకున్నవాళ్ళు వాళ్ళ తరఫున మాట్లాడతారు. బతికున్న మనిషికి అలా చేస్తే ఆ మనిషి చావు కోరుకున్నట్టు. పిల్లల తల్లి చావు నేను అందరి ముందూ ఆవిడ చేత కోరించబోయాను.

నాకు తెలిసి ఉండాల్సింది. వాళ్ళు ఎప్పుడు ఎవరి మాట చెప్పినా "ఆయన అన్నాడు, ఈవిడ అంది" అనే చెబుతారు. నేనూ అలాగే అనువదిస్తూ వచ్చాను. అది అలవాటనుకున్నాను గానీ నియమమని తెలియదు. అంతకాలం వాళ్ళ పిల్లలకి లెక్కలు చెప్పాను, చావు గురించి ఎవరితోనూ మాట్లాడలేదు.

వాళ్ళు తలుపు దాటకముందే నేను మళ్ళీ రెండు భాషల్లోనూ చెప్పాను: "తప్పు నాది. ఈ పద్ధతి మా ఇంటిది. మీ ఇంట్లో దానికి అర్థమేమిటో అడగకుండా తెచ్చి పెట్టాను. డైరెక్టరు గారికి ఇందులో ఏమీ తెలియదు." పెద్దావిడ వెనక్కి తిరగలేదు. వాళ్ళు బసలోనే ఉన్నారు, కానీ వారాంతానికి తిరుగు ప్రయాణం. ఆలోగా మాటలు జరగకపోతే ఆ మూడు పెట్టెలూ మళ్ళీ బీరువాలోకి పోతాయి, ఎప్పటికి బయటికొస్తాయో తెలియదు. ఆవిడకి మళ్ళీ ఇంత దూరం వచ్చే ఓపిక లేదు.

ఈ ఉత్తరానికి మీరేం రాయగలరో నాకు తెలియదు. ఊరికే రాశాను.

వాగుడుకాయ, నోరు పడిపోయిన

*

ఏప్రిల్ 24

అమ్మాయికి,

'మా ఇంటిది' అన్నావు. సరే. నా పేరు ఎత్తకుండా నన్నే అన్నావని అర్థమైంది. కుర్చీ నాది, సలహా నాది, మనుషులున్న చోటల్లా అని డబ్బా కొట్టిందీ నేనే. ముసలివాళ్ళ మాట వింటే ఇంతే. ఇకమీదట ఆరోగ్యం సంగతులు మాత్రమే రాస్తాను.

కంటి డాక్టరు ఎడమ కంటికి ఆపరేషన్ అంటున్నాడు. మీ అత్తయ్య మోకాళ్ళు మామూలే.

మేనమామ

తా.క. నాలుగు రోజులుగా ఏ పుస్తకం తీసినా ఆవిడ అడిగిన ప్రశ్నే కనపడుతోంది. 'పిల్లలున్నారా?' ఎదుటి పక్షాన్ని ఖండించబోయే ముందు ఆ మాట అడగాలని మా గురువుగారికి తట్టలేదు. నాకూ తట్టలేదు. ఆ విదేశీ పండితుడికి పిల్లలున్నారో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.

*

మే 2

మామయ్యా,

మిమ్మల్ని అనలేదు! 'మా ఇంటిది' అంటే గొప్పగా అన్నాను. మన ఇద్దరికీ మధ్య కూడా ఒక దుబాసీ కావాలి, అదీ ఒకే భాషలో.

మంచి కబురు. మీ ఉత్తరం ఇంకా రాకముందే జరిగింది, నేను సంతోషం ఆపుకోలేక ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియక ఇప్పటిదాకా రాయలేదు.

ఆ శుక్రవారం పొద్దున డైరెక్టరు గారు నన్ను పిలిచి, "నన్ను వాళ్ళ బసకి తీసుకెళ్ళు," అంది. వెళ్ళాం. పెద్దావిడ మెట్ల మీద కూర్చుని ఉంది. డైరెక్టరు గారు నిలబడే అడిగింది: "బతికున్నవాళ్ళ తరఫున మాట్లాడకూడదన్నారు. మరి పెట్టెలో ఉన్నాయన తరఫున నేను మాట్లాడవచ్చా?" పెద్దావిడ చాలాసేపు ఆవిడ్ని ఎగాదిగా చూసింది. "ఆయనెవరో నీకు తెలుసా?" అంది. "కొలతలు తెలుసు," అంది డైరెక్టరు గారు. అబద్ధం చెప్పలేదు చూడండి. "అయితే ముందు ఆయన దగ్గర కూర్చో. ఏమీ కొలవకుండా."

కూర్చుంది మామయ్యా. ఆ రోజంతా. ఫోను బయట ఇచ్చేసింది, పెన్సిల్ కూడా. పెద్దావిడ ఎదురుగా కూర్చుంది. నేను గోడ పక్కన. ఎవరూ మాట్లాడలేదు, ఆ యంత్రం గొణుగుడు తప్ప. మధ్యాహ్నం దాటాక డైరెక్టరు గారు లేచి ఆ యంత్రం ఆపేసింది. పదేపదే తనే చెప్పేది, దాన్ని ఎప్పుడూ ఆపకూడదని.

సాయంత్రం మీ కుర్చీలో కూర్చుని మాట్లాడింది. అవును, ఆ కుర్చీయే. "నేను ఈ మూడు పెట్టెల్లో ఉన్నాను," అని మొదలుపెట్టింది. "నన్ను మోశారు, కడిగారు, తూచారు. బాగా చూసుకున్నారు. ఎవరూ పలకరించలేదు. నా వెన్నులో ఉన్నది వీళ్ళకి ఆనవాలు, నాకు నొప్పి. ఆ నొప్పి ఇంకొకరికి రాకూడదని వీళ్ళు చదువుతున్నారట. మంచిదే. నన్ను అడిగి ఉంటే ఒప్పుకునేవాణ్ణేమో. నన్ను అడగలేదు. నాకు ఇంటికి వెళ్ళాలనుంది." ఆ మాట దగ్గర ఆవిడ ఆగింది. అనువదిస్తున్న నేనూ ఆగాను. పెద్దావిడే, "కానివ్వండి, ఆయన ఎదురుచూస్తున్నాడు," అంది.

తర్వాత పెద్దావిడ పెట్టె మీద చెయ్యి వేసి, "ఆయనే అన్నాడుగా అడగలేదని. అడుగుతాను," అని చాలాసేపు ఏదో అడిగింది. చివరికి మాతో, "ఒక పన్ను ఉంచుకోమంటున్నాడు. అది ఎటూ ఆయన్ని ఏడిపించిన పన్నేనట," అని నవ్వింది. షరతు ఒక్కటే. పొద్దున గది తెరిచినవాళ్ళెవరైనా ఆ పన్నుని పలకరించాలి. డైరెక్టరు గారు ఒప్పుకుని, మిగతా అంతా ఇంటికి పంపమని అక్కడే సిఫార్సు రాసింది. మర్నాడు పై నుంచి అనుమతి వచ్చింది. మూడు పెట్టెలూ లారీ ముందు సీట్లో, పెద్దావిడ పక్కన, వెళ్ళిపోయాయి. వెనక వెయ్యనివ్వలేదు. తాత దారి చూడాలట.

వెళ్ళేముందు పెద్దావిడని అడిగాను, ఆ రోజు అంత కోపంగా వెళ్ళినావిడ డైరెక్టరు గారితో ఎందుకు మాట్లాడిందని. "నువ్వు చేసింది తప్పే. కానీ నేను గదిలో ఉండగానే చెప్పావు. బయటికొచ్చాక ఇంకొకరి నోట వినే పని పెట్టలేదు," అంది. మొదటిరోజు ఆవిడ తాతతో ఏమందో మీరు అడగలేదు. అడిగినా చెప్పను.

ఇంకో సంగతి. మీ ఉత్తరాలు నాన్నకి చదివి వినిపించాను, అన్నీ. నడుం నిమురుకుంటూ అన్నాడు: "ఆ పెద్దాయన దేశంలో గురువుని శిష్యుల ముందు పడగొడితే ఆయన లేచి వెళ్ళిపోతాడు, ఇక ఆ మనిషితో జన్మలో మాట్లాడడు. మర్నాడు మీ మామయ్యకీ ఆయనకీ విడిగా సమావేశం ఉంది. అక్కడ శిష్యులుండరు. అసలు ఖండన అక్కడ ముక్కకి ముక్క చెబుదామని ఆ రోజుకి దాచాను. రాత్రే ఆయనకి జ్వరమొచ్చి వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదే, ఏం చెయ్యను?" ఆ జ్వరం సంగతి మీకు తెలుసా మామయ్యా?

మీ వాగుడుకాయ

*

మే 11

బంగారుతల్లీ,

ఆపరేషన్ అయింది. ఎడమకంటికి కట్టు, కుడికంటితో రాస్తున్నాను. నీ ఉత్తరం మీ అత్తయ్య చదివి వినిపించింది. యంత్రం ఆపేసిన చోట ఆవిడా ఆగిపోయింది. ఏమైందే అంటే, "ఉండండి," అంది.

నేను జీవితమంతా పండితుల మధ్య బతికాను. గెలిచినవాళ్ళని చూశాను, గెలిచామనుకున్నవాళ్ళని అంతకంటే ఎక్కువ చూశాను. తన విద్య చేతిలోంచి కిందపెట్టి, కొలవకుండా ఒక మనిషి పక్కన రోజంతా కూర్చున్న విద్వాంసురాలి గురించి ఇప్పుడు విన్నాను. ఆవిడకి నా నమస్కారం చెప్పు. మా గురువుగారి కుర్చీ ఇన్నాళ్ళకి సరైన మనిషిని మోసిందని చెప్పు. మేం అందులో కూర్చుని ఎదురుగా ఉన్నవాడి కోసమే మాట్లాడాం, నోరు లేనివాడి కోసం ఎవరం మాట్లాడలేదు. పెద్దావిడకి ఏం చెప్పాలో నాకు తెలియదు. ఆవిడ బతికుండగా ఆవిడ తరఫున నేను ఒక్క మాటా అనను.

ఇక నీ సంగతి. రెండుసార్లు లేచావు, రెండుసార్లూ రెండు భాషల్లో. నీ మేనమామనని నలుగురికీ చెప్పుకుంటున్నాను. ఆస్పత్రిలో పక్క మంచం ఆయన వినీ వినీ అటు తిరిగి పడుకున్నాడు.

జ్వరం సంగతి నాకు తెలియదు. సమావేశం రద్దయిందన్నారు, ఆయన నన్ను ఎదుర్కోలేక పారిపోయాడనుకున్నాను. ఔనండి కూడా ఔనన్నాడు.

ఇప్పుడు నేను ఎదుటివాడి కుర్చీలో కూర్చుంటున్నాను. బతికున్నవాడి తరఫున మాట్లాడుతున్నందుకు పెద్దావిడ క్షమించాలి. మీ నాన్న చావు నేను కోరను. ఆయన పోతే నేను ఎవరి మీద కోపంతో పొద్దున లేవాలి? ఇది మా ఇంటి పద్ధతి, ఆయనకీ తెలుసు. విను, తల ఊపుతాడేమో చూడు.

"నేను ఇద్దరు మొండివాళ్ళ మధ్య కూర్చున్నాను. ఒకడు నా బావమరిది. మాట గెలవడం తప్ప మనిషి నిలవడం వాడికి అక్కర్లేదు. రెండోవాడు అతిథి. శిష్యుల ముందు తలదించుకుంటే మళ్ళీ తలెత్తడు. బావమరిది రాయి విసిరాడు. అది తగిలితే ఆ గదిలో ఇక ఎవరూ ఏమీ వినరు. వాడు ఏడాది చదివిన చదువు ఆ ఒక్క నిమిషంలో వృథా అవుతుంది. అందుకని ఆ రోజుకి రాయిని జేబులో వేసుకున్నాను, మర్నాడు సరైన చేతికి ఇవ్వడానికి. నేను కాపాడింది అతిథిని కాదు, వాడి వాదాన్నే. వాడి వాదానికి వినేవాడు మిగలాలని."

ఏమంటాడు? దీనికంటే బాగా ఆయనే చెప్పలేడని నా నమ్మకం. తల ఊపి ఉంటే, ఇక నా కుర్చీ నాకివ్వమను.

బావా, రాయిని పువ్వు చేశావు, సరే. ఆ గదిలో నీకు వేరే దారి లేదేమో. నేనుంటే నేనూ అదే చేసేవాణ్ణేమో. ఆ లెక్క ఈ రోజుతో కొట్టేశాను. కానీ మర్నాడు రాలేదు, ఆ సంగతి నీకు తెలుసు. దాని తర్వాత రోజు వచ్చింది. ఆ తర్వాతి వారం వచ్చింది. పుస్తకం వచ్చేదాకా అన్ని రోజులూ వచ్చాయి. ప్రతి ఆదివారం మా ఇంట్లో నా పక్కనే కూర్చుని భోంచేశావు. నేను ఆ పండితుణ్ణి ఎలా పడగొట్టానో వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాణ్ణి. కంచంలో చేత్తో గీసి చూపించేవాణ్ణి, ఇదిగో మొదటి మెట్టు, ఇదిగో ఇక్కడ కూలింది అని. "ఎలా కౌగిలించుకున్నాడు బావా, చెప్పు వీళ్ళకి," అనేవాణ్ణి. నువ్వు తల ఊపేవాడివి. మజ్జిగ పోసుకుంటూ, నావైపు చూడకుండా, తల ఊపేవాడివి.

నీ కూతురు తప్పు చేసింది, అందరూ గదిలో ఉండగానే చెప్పింది. నీకు ఏడాది ఇచ్చాను. చివరికి నేను ఔనండి నోట విన్నాను.

అమ్మడూ, ఈ ఉత్తరం మీ నాన్న పక్కన కూర్చుని చదువు. కామా కూడా మార్చకు. నడుం నొప్పి తగ్గాక, ఒక ఆదివారం భోజనానికి రమ్మను. కట్టు విప్పేస్తారు కాబట్టి రెండు కళ్ళతోనూ చూడాలనుంది. వచ్చినప్పుడు నేనేమన్నా తల ఊపొద్దని చెప్పు.

పండితుడి మీద నాకు కోపం లేదు. ఔనండి ఎప్పుడో పోయాడు, పోయినవాడితో పేచీ లేదు. నేను ఇప్పటికీ తప్పుపడుతున్నది ఒక్కణ్ణే, మా అక్క మొగుణ్ణి, మా బావని.